తుఫాను హెచ్చరిక నుంచి పశువు పలుపు దాకా



అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కోస్తా పాడి రైతుకు పాలు పెరిగే కాలం, భయమూ పెరిగే కాలం. గేదెలు ఈని పాలకేంద్రంలో క్యాన్లు నిండుతున్న రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. అప్పుడు రేడియోలోనూ టీవీలోనూ ఒక వార్త తప్పకుండా వస్తుంది. ముఖ్యమంత్రి ఉన్నతాధికారులతో సమీక్షించారని, జిల్లా యంత్రాంగాన్ని అప్రమత్తం చేశారని, లోతట్టు ప్రాంతాల వారిని సురక్షిత ప్రాంతాలకు తరలించాలని ఆదేశించారని చెబుతారు. ఏటా వినే మాటలే గనుక మనలో చాలామంది వాటిని అంతగా చెవిని పెట్టరు. సమీక్ష అంటే బల్ల చుట్టూ కూర్చుని టీ తాగడమేనని వేళాకోళం చేసేవారూ ఉన్నారు.

ఆ వేళాకోళంలో కొంత నిజం లేకపోలేదు. అయినా ఆ సమీక్ష వెనుక ఒక పెద్ద గొలుసు ఉంది. దాని ఒక కొస విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రంలో ఉంటే రెండో కొస మన కొట్టంలో గేదె మెడకు ఉన్న పలుపు దగ్గర ఉంది. ఈ రెండో కొస ఇప్పటికీ బలహీనంగానే ఉంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

దివిసీమ నేర్పిన పాఠం

1977 నవంబరు 19, శనివారం. ఆనాటి తుఫానుకు కృష్ణా జిల్లా దివి తాలూకాలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన తీరం దాటి మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ల పేర్లు చెబితే ఆ ప్రాంతపు పెద్దవారు ఈనాటికీ ఒక్క క్షణం మౌనం వహిస్తారు. దాదాపు పదివేల మంది మరణించారు. పశువులకు లెక్కే లేదు. పాడి ఉన్న ఇంట్లో పాలు తాగే పిల్లలూ లేరు, పాలిచ్చే గేదే లేదు.

ఆనాడు వాతావరణ శాఖ హెచ్చరికలు లేకపోలేదు. ఆ హెచ్చరిక సముద్రపు ఒడ్డున ఉన్న గుడిసె దాకా రావడానికి దారి లేదు. వచ్చినా మనుషులు పోవడానికి గట్టి కట్టడం లేదు, తీసుకుపోవడానికి వాహనం లేదు, పొమ్మని చెప్పే బాధ్యత ఫలానా వారిదని రాసిపెట్టి లేదు. టెలిఫోను, తంతి స్తంభాలు కూలిపోగా నష్టం ఎంత పెద్దదో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది.

తరువాత 1990 మే 9న కృష్ణానది సముద్రంలో కలిసే చోటనే మరొక పెను తుఫాను తీరం దాటింది. ఈసారి ప్రభుత్వం ముందుగానే లక్షల మందిని ఖాళీ చేయించింది. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. వెయ్యి కూడా తక్కువ సంఖ్య కాదు. కాని పదమూడేళ్ల క్రితం జరిగిన దానితో పోల్చి చూస్తే, వేళకు తీసుకున్న నిర్ణయం ఎన్ని ఇళ్లలో దీపం నిలిపిందో అర్థమవుతుంది. 1996 నవంబరు 6న కాకినాడ, కోనసీమ ప్రాంతాలను తాకిన తుఫానులో మళ్లీ వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. వేటకు వెళ్లిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. సముద్రంలో ఉన్న పడవలను ముందే వెనక్కి పిలిపించడం నేడు మొట్టమొదటి పని కావడానికి అలాంటి అనుభవాలే కారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఏకంగా విశాఖపట్నం మహానగరం మీదనే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్లు మించి వీచింది. అంతటి గాలికీ రాష్ట్రంలో మరణాలు వందలోపే.

తుఫానులు మెత్తబడలేదు. మనం సిద్ధపడే తీరు మారింది.

ఎవరు బాధ్యులు?

2005 డిసెంబరులో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. అంతకు ముందు తుఫాను పనులన్నీ రెవెన్యూ శాఖ ఆనవాయితీ ప్రకారం నడిచేవి. మంచి కలెక్టరు ఉన్నచోట బాగా జరిగేవి, లేనిచోట లేదు. చట్టం వచ్చాక ఎవరి కుర్చీకి ఏ బాధ్యత అన్నది స్థిరపడింది. దేశానికి ప్రధానమంత్రి, రాష్ట్రానికి ముఖ్యమంత్రి, జిల్లాకు కలెక్టరు విపత్తుల నిర్వహణ సంస్థలకు అధ్యక్షులు. జిల్లా సంస్థలో స్థానిక సంస్థల నుంచి ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షులుగా ఉంటారు. రాష్ట్ర స్థాయిలో నిర్ణయాలను అమలు జరిపే కార్యనిర్వాహక సంఘానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు.

ఇందులో మన సంఘాలు తెలుసుకోవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, సహాయక చర్యలకు అవసరమైతే అధికారులు వాహనాలను, భవనాలను, సామగ్రిని చట్టప్రకారం స్వాధీనం చేసుకుని వాడుకోవచ్చు, అందుకు పరిహారం చెల్లించాలి. పాల ట్యాంకరు శుభ్రమైన పాత్ర గనుక తాగునీటి రవాణాకు అడగవచ్చు. సంఘ భవనం పక్కాది గనుక జనాన్ని ఉంచడానికి అడగవచ్చు. అడిగితే కాదనవద్దు, ఇచ్చినట్టు కాగితం మాత్రం తీసుకోండి. రెండవది, సరైన కారణం లేకుండా అధికారుల ఆదేశాన్ని ధిక్కరిస్తే ఏడాది దాకా శిక్ష ఉంది. మూడవది, అబద్ధపు హెచ్చరిక పుట్టించి జనాన్ని బెదరగొట్టినా అదే శిక్ష. 'గట్టు తెగింది' అని సెల్‌ఫోనులో ఎవరో పంపిన మాటను నలుగురికీ పంపేముందు కార్యదర్శులు, సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డెబ్బై రెండు గంటల లెక్క

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. సముద్రంలో అల్పపీడనం బలపడి వాయుగుండమవుతుంది, తరువాత తీవ్ర వాయుగుండం. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరినప్పుడు దానిని తుఫాను అంటారు. అప్పుడే పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఈ అంకెలు ఊరికే చెప్పడం లేదు. పూరిల్లు ఏ గాలికి లేస్తుంది, రేకుల కొట్టం ఏ గాలికి లేస్తుంది అన్న లెక్క వీటి మీదనే ఆధారపడి ఉంది.

తీరానికి ప్రమాదం ఉండవచ్చని తోచినప్పుడు, సుమారు 72 గంటల ముందు, వాతావరణ శాఖ తొలి సూచనను నేరుగా ప్రభుత్వ ఉన్నతాధికారులకు పంపుతుంది. అది మన దాకా రాకపోయినా ఆ క్షణం నుంచే గడియారం మొదలైనట్టు. పడవలను వెనక్కి పిలవడం, కొత్తగా వేటకు వెళ్లకుండా ఆపడం ఈ దశలోనే జరగాలి. ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగురవేస్తారు. ఒకటో నంబరు అంటే దూరాన ఉన్నదని, ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లంటే మహా ప్రమాదమని తీరంలోని పిల్లవాడికి కూడా తెలుసు.

48 గంటల ముందు వచ్చేది అప్రమత్తత సందేశం, 24 గంటల ముందు వచ్చేది అసలైన తుఫాను హెచ్చరిక. తీరం ఎక్కడ దాటవచ్చు, ఎంత గాలి, ఎంత వాన, ఉప్పెన ఎంత ఎత్తు అన్నవి ఇందులో ఉంటాయి. ఉప్పెన లెక్కలు వేయడంలో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం తోడ్పడుతుంది. సముద్రానికి అంత దూరాన కూర్చుని అలల ఎత్తు చెబుతారా అని వింతగా తోచవచ్చు. ఆ పనికి సముద్రంలోని పరికరాలూ ఉపగ్రహాలూ పంపే సమాచారమే ప్రధానం. ఆఖరుగా 12 గంటల ముందు, తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏమి జరుగుతుందో చెప్పే సూచన వస్తుంది. అందుకే సముద్రం మనకు యాభై మైళ్లు కదా అని మెట్ట మండలాల సంఘాలు నిశ్చింతగా ఉండకూడదు.

జిల్లాలవారీగా రంగులతో కూడా హెచ్చరిస్తారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక ఆలోచించక కదలమని.

ఈ మూడు రోజుల్లో పైనుంచి జరగవలసిన పనులు చెప్పుకుంటే చాంతాడంత. జిల్లాకొక సీనియరు అధికారిని ప్రత్యేకంగా పంపుతారు. జాతీయ విపత్తు స్పందన దళాలను రప్పిస్తారు, వాటి పదవ బెటాలియన్ మన రాష్ట్రంలోనే ఉంది. చౌకధరల దుకాణాలకు బియ్యం, పప్పు వంటి సరుకులు ముందే చేరుస్తారు. నెలలు నిండిన గర్భిణీలను ఆసుపత్రులకు తరలిస్తారు. మంచినీటి ట్యాంకుల దగ్గర జనరేటర్లు పెడతారు. కూలిన చెట్లు కోయడానికి రంపాలు, రోడ్డు తెరవడానికి పొక్లెయిన్లు, లేపడానికి విద్యుత్ స్తంభాలు ఎక్కడెక్కడ ఉంచాలో నిర్ణయిస్తారు. గాలి బాగా పెరిగాక కరెంటు ఆపేస్తారు. దానికి మనం విసుక్కుంటాం గాని, తెగిన తీగ నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లలో దిగిన మనిషికీ పశువుకీ ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు.

ఈ పనులన్నింటిలో అతి కష్టమైనది ఒకటుంది. జనాన్ని ఇళ్లలో నుంచి లేపడం.

వస్తుందో రాదో తెలియని నిర్ణయం

తరలింపుకు ఆజ్ఞ ఇవ్వవలసిన సమయానికి ఆకాశం చాలాసార్లు నిర్మలంగా ఉంటుంది. 24 గంటల ముందు చెప్పకపోతే రోడ్లు మునిగాక చెప్పి లాభం లేదు. చెప్పాక తుఫాను పక్కకు తిరిగితే జనం తిడతారు, పత్రికలు ఎగతాళి చేస్తాయి. 2013 నవంబరులో లెహర్ తుఫాను అతి తీవ్ర స్థాయికి పెరిగి మన తీరం వైపు వచ్చింది. వేలాది మందిని శిబిరాలకు చేర్చారు. అది సముద్రంలోనే బలహీనపడి 28వ తేదీన మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. 'ఇంతోటి దానికి ఇల్లు వదిలి రమ్మన్నారా' అన్నవారు ఉన్నారు.

ఆ సంవత్సరమే అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలోనూ మన ఉత్తర కోస్తాలోనూ కలిపి సుమారు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. 1999 పెను తుఫానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న ఒడిశా, ఫైలిన్‌లో పోగొట్టుకున్నది పదుల సంఖ్యలోనే. ఆ పది లక్షల మందిని కదిలించిన నాడు కూడా గురి తప్పితే తిట్లు తినడానికి అక్కడి నాయకులు సిద్ధపడే ఆజ్ఞ ఇచ్చారు. మా అభిప్రాయంలో లెహర్‌కు తీసుకున్న నిర్ణయం కూడా ఫైలిన్ నిర్ణయమంత సరైనదే. రాని తుఫానుకు శిబిరంలో ఒక రాత్రి పడుకున్నందుకు పోయినది ఒక పూట పాలు. వచ్చిన తుఫానుకు ఇంట్లో పడుకుంటే పోయేది ఏమిటో దివిసీమ చూసింది.

ఒక పూట పాలు కూడా నష్టమే, కాదనము. పాలకవర్గాలు ఆ నష్టాన్ని సభ్యుడి ఒక్కడి మీదకే వదలక ఏదైనా ఏర్పాటు ఆలోచించుకోవడం మంచిది.

గేదెను వదిలి రానంటే

రెవెన్యూ సిబ్బందిని అడిగి చూడండి. శిబిరానికి రానని మొండికేసేవారు చెప్పే కారణాలు రెండే రెండు. ఒకటి దొంగల భయం, రెండు పశువులు. పాడి ఉన్న ఇంట్లో రెండో కారణమే బలమైనది. పిల్లలను, ముసలివారిని పంపించి ఇంటి యజమానో ఇల్లాలో గేదె దగ్గర ఉండిపోతారు. ఇది మూర్ఖత్వం అనలేము. ఒక పాడిగేదె ఖరీదు ఎంతో, దాని మీద ఎంత అప్పు ఉందో, ఆ ఇంటికి వారం వారం వచ్చే డబ్బు ఎంతో మన సంఘాలకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. కాబట్టి మనిషిని కాపాడాలంటే పశువు సంగతి ముందు తేల్చాలి. ప్రభుత్వ ప్రణాళికల్లో పశువుల గురించి రాస్తున్నారు గాని, తుఫాను రక్షణ భవనాలు ప్రధానంగా మనుషుల కోసం కట్టినవే. స్తంభాల మీద ఎత్తుగా లేపి, కింద నీరు పారిపోయేలా కడతారు. 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం కింద మన తీరంలో ఇలాంటి భవనాలు, వాటికి చేరే రోడ్లు, వంతెనలు వచ్చాయి. మంచిదే. మరి గేదె మేడ మెట్లు ఎక్కదు కదా!

బంగ్లాదేశ్‌లో 1970 నవంబరు తుఫానులో లక్షల మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడ తీర గ్రామాల్లో పశువుల కోసం ఎత్తయిన మట్టి దిబ్బలు పోశారు. వాటిని 'కిల్లా' అంటారు. ఉప్పెన వేళ పశువులను తోలుకొచ్చి ఆ దిబ్బ మీదికి ఎక్కించడమే. సిమెంటు లేదు, ఇనుము లేదు, మట్టి పని. ఇలాంటి దిబ్బలు మన తీర గ్రామాలకూ కావాలని గ్రామసభల్లో అడగవలసినవారు పాల సంఘాల సభ్యులే. ఊరు ఎత్తున ఉన్న చెరువు గట్టు, బడి ఆవరణ, కాలువ గట్టు వెడల్పు చేసిన చోటు, ఏదో ఒకటి ప్రతి ఊరిలో ఉంటుంది. అది ఏదో, దాని మీద ఎన్ని పశువులు పడతాయో, అక్కడికి ఏ దారిన తోలాలో ఎండ కాసే రోజుల్లోనే తేల్చి సంఘం గోడ మీద రాసిపెట్టాలి.

దిబ్బ మీదికి తోలుకుపోవడానికి వ్యవధి లేకపోతే చేయవలసినది ఒక్కటే, పలుపు విప్పివేయడం. గేదె ఈదగల జంతువు. స్వేచ్ఛగా ఉంటే మెరకకు చేరుకునే అవకాశం ఉంది. గుంజకు కట్టి ఉన్న గేదె మాత్రం నీరు మెడ దాటగానే అక్కడే ముగుస్తుంది. వరదలు తగ్గాక కొట్టాల్లో గుంజల దగ్గరే కనిపించే కళేబరాలు చెప్పే కథ ఇదే. విప్పితే తప్పిపోతుందేమోనన్న భయం సహజమే. తప్పిపోయిన గేదెను చెవి ట్యాగు నంబరు చూసి వెతికి పట్టుకోవచ్చు. మునిగిన గేదెను ఎవరూ తేలేరు.

ఉప్పెన భయం లేని చోట, గాలి భయం మాత్రమే ఉన్న ఊళ్లలో సంగతి కొంచెం వేరు. అక్కడ ప్రమాదం రేకుల నుంచి, చెట్ల నుంచి. గాలికి లేచిన రేకు కత్తిలా వస్తుంది. పాత రేకుల కొట్టం కింద, పెద్ద చెట్టు కింద, కరెంటు స్తంభం దగ్గర పశువులను ఉంచరాదు. గట్టి గోడ చాటున, నీరు నిలవని ఆరుబయట ఉంచడం దానికంటే మేలు. ఇంకొక సంగతి. తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారి ఆగిపోతుంది, ఆకాశం తేటపడుతుంది. హుద్‌హుద్ నాడు విశాఖ ప్రజలు ఇది చూశారు. అయిపోయిందనుకుని పశువులను చూడడానికి బయటికి వచ్చేవారికి, కొద్ది సేపటికి ఎదురు దిక్కు నుంచి అంత గాలీ మళ్లీ తగులుతుంది. అధికారులు చెప్పేవరకు బయటికి రావద్దనేది అందుకే.

సంఘం ఏమి చేయాలి?

హుద్‌హుద్ తరువాత విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మంచినీరు, పాలు, కూరగాయలకు కటకట వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నగరంలోనే మకాం వేసి పనులు నడిపించారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు కూడా ముఖ్యమంత్రి కలెక్టరు కార్యాలయంలోనే ఉండిపోయారు. ప్రకాశం బ్యారేజీ నుంచి ఆ వరదల్లో 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదిలారు. పడవల మీద, హెలికాప్టర్ల మీద పంచినవాటిలో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలతోపాటు పాల ప్యాకెట్లూ ఉన్నాయి. విపత్తులో పాలు వ్యాపార సరుకుగా ఉండవు, పసిపిల్లల ఆహారంగా మారతాయి. వాటిని సేకరించి పంపే సంఘం కూడా ప్రభుత్వ ఏర్పాట్లలో భాగమే అవుతుంది.

ఎరుపు హెచ్చరిక వచ్చిన ఊళ్లలో బల్క్ కూలరులోని పాలను గాలి రాకముందే ట్యాంకరుకు ఎక్కించి ఖాళీ చేయండి. కరెంటు పోయాక జనరేటరు ఎంతసేపు ఆడుతుందో డీజిలు మీద ఆధారపడి ఉంటుంది. డీజిలు బంకులోనూ కరెంటు ఉండదు గనుక ముందురోజే నింపుకోవాలి. చల్లబరచని పాలు నాలుగైదు గంటలకు మించి నిలవవు. దారి మూసుకుపోయాక సేకరించిన పాలు సంఘానికీ నష్టమే, సభ్యుడికీ నష్టమే. అప్పుడు ఊరి శిబిరానికే కాచి పోయడం ఉత్తమం. పోసిన లీటర్లు పుస్తకంలో రాసి, శిబిరం చూసే అధికారి సంతకం తీసుకుంటే సరి.

ఖాళీ క్యాన్లు గాలికి దొర్లి మనుషులకు తగులుతాయి. వాటిని శుభ్రంగా కడిగి మంచినీటితో నింపి మూతలు పెట్టి గదిలో ఉంచండి. బరువుకు కదలవు, తెల్లవారాక నీళ్లకు నీళ్లు. ఉప్పెన వచ్చిన ఊళ్లో చెరువులు, బావులు ఉప్పునీరవుతాయి, ఆ నీరు పశువులకు పనికిరాదు. ప్రతి ఇంట తొట్లు నింపి కప్పి ఉంచుకోవాలి. మూడు రోజులకు సరిపడా ఎండుగడ్డి, తౌడు, చెక్క ఎత్తున పెట్టుకోవాలి. సభ్యుల పద్దులు, ఫ్యాట్ లెక్కల యంత్రం, బీమా కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పక్కా గదిలో అటక మీద ఉంచవలసిన పని కార్యదర్శిది.

వరద సంగతి కూడా ఒక మాట. గోదావరి తీర సంఘాలకు తుఫాను కంటే నది హెచ్చరికే ముఖ్యం. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు ఈ మూడు హెచ్చరికలూ ఇస్తారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. నదికి ఉన్న సుగుణమేమంటే, భద్రాచలంలో పెరిగిన నీరు లంకలకు చేరడానికి వ్యవధి పడుతుంది. రెండవ హెచ్చరిక విన్నాక లంకలో పశువులను ఉంచడం దండగ. పడవ మీద ఒడ్డుకు దాటించడానికి పగలు కావాలి, రాత్రి కుదరదు.

నీరు తీసిన తరువాత

బతికిన పశువులకు అసలు గండం వారం పది రోజుల తరువాత మొదలవుతుంది. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు వ్యాధులు తడిలో త్వరగా వ్యాపిస్తాయి. వానాకాలానికి ముందే టీకాలు వేయించిన ఊరికి ఈ భయం చాలావరకు తక్కువ. బూజు పట్టిన గడ్డి ఎంత కరువైనా వేయవద్దు. చచ్చిన పశువులను కాలువలోకి తోయడం మహాపాపం, కింది ఊరికి అదే తాగునీరు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. అయితే పూడ్చేముందు ఒక పని ఉంది.

నష్టపరిహారానికి ఆధారం లేక సభ్యులు చాలామంది నష్టపోతున్నారు. విపత్తు స్పందన నిధి నుంచి చనిపోయిన పశువులకు సహాయం ఇస్తారు. సాధారణ రాష్ట్రాలలో ఈ నిధికి కేంద్రం నూటికి 75, రాష్ట్రం 25 వంతున జమచేస్తాయి. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పాలిచ్చే గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు. అయితే ఒక కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువుల వరకే. ఇది బజారు ధరకు చాలదు. అందుకే బీమా వేరుగా ఉండాలి.

చనిపోయిన పశువు దగ్గరకు పశువైద్యుడు లేదా పశుసంవర్ధక సహాయకుడు వచ్చి చూసి రాసుకోవాలి. చెవికి ఉన్న పన్నెండు అంకెల ట్యాగును తీసి పారవేయక, దానితో సహా ఫోటో తీయించండి. కళేబరం కొట్టుకుపోయిన వారికి మిగిలే ఆధారం పాల సంఘం పుస్తకమే. ఫలానా సభ్యుడికి ఇన్ని పాడి పశువులు ఉన్నాయని, రోజూ ఇన్ని లీటర్లు పోస్తున్నాడని అందులో ఉంటుంది. కాబట్టి ప్రతి సంఘ కార్యదర్శీ సెప్టెంబరు నెలాఖరుకల్లా సభ్యుడి పేరు, పశువుల సంఖ్య, చూలు, పాడి వివరాలు, ట్యాగు నంబర్లతో జాబితా తయారు చేసి, ఒక ప్రతి గ్రామ రెవెన్యూ అధికారికి, ఒక ప్రతి పశువైద్యశాలకు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. మూడో ప్రతిని జిరాక్సు తీయించి ఊరికి దూరంగా ఉన్న శీతల కేంద్రంలో భద్రపరచాలి.

ఫోన్లు పనిచేసినంత వరకు రాష్ట్ర కంట్రోలు రూముకు 1070, జిల్లా కంట్రోలు రూముకు 1077, పశువైద్య సంచార వాహనానికి 1962 నంబర్లకు చెప్పవచ్చు. వీటిని పాలు పోసే కిటికీ పక్కన పెద్ద అక్షరాలతో రాయించండి. రంగు డబ్బా ఖర్చు సంఘం సాదర ఖర్చుల పద్దు కింద వేసుకోవచ్చు.